పది పూసలకి రెండు ఊపులు

ప్రాక్టికల్ పరీక్షల రోజుల్లో ఏసుపాదానికి అన్నం సయించేది కాదు. బెజవాడలో ఒక కాలేజీ ఫిజిక్సు లాబ్‌లో అటెండరుగా చేరి ఇరవై రెండేళ్లయింది. ఆ ఇరవై రెండు మార్చి నెలల్లో ఒక్కసారైనా ముద్ద సాఫీగా గొంతు దిగలేదు. "ఏం జబ్బయ్యా నీకు, ఏడాదికోసారి వచ్చిద్ది?" అని భార్య అమలమ్మ అడిగితే, "జబ్బు కాదే, రోత" అనేవాడు.

రోత పుట్టదా మరి? పిల్లలు లోపలికొచ్చి లోలకాన్ని కొక్కేనికి తగిలించేవాళ్లు. దాన్ని ఒక్కసారైనా ఊపకుండానే, ఇరవై ఊపులకి ఎన్ని సెకన్లు పట్టిందో దశాంశంతో సహా రాసిపారేసేవాళ్లు. చివర రావలసిన జవాబు పాఠ్యపుస్తకంలో ఉంటుంది. దాన్ని పట్టుకుని వెనక్కి నడిస్తే కావలసిన అంకెలన్నీ దారిలోనే దొరుకుతాయి. ఆ కాలేజీలో దీన్ని వండటం అనేవారు. "ఏరా, వండేశావా?" "వండేశా, ఉప్పూ కారం సరిపోయినై." లెక్చరర్లకి ఈ సంగతి తెలుసు. పై ఊరి నుంచి వచ్చే ఎగ్జామినరు గారికీ తెలుసు. ఆయనకి గవర్నరుపేట హోటల్నుంచి పెసరట్టూ ఉప్మా వచ్చేది. నెయ్యి ఇంకా ఆరని వేళ్లతోనే రికార్డు పుస్తకాల మీద సంతకాలు పడేవి. ఏసుపాదం ఆ ఎంగిలి ఆకులు తీసి పారేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని, ఊగని లోలకాల్ని ఒక్కొక్కటే దించి తుడిచి బీరువాలో పెట్టేవాడు. ఆ పని చేస్తున్నంతసేపూ అతని మొహం వేపకాయ నమిలినట్టే ఉండేది.

అతను కంకిపాడు అవతల పల్లెలో పాలేరు శౌరయ్య కొడుకు. తల్లి తెరేసమ్మ కోతల రోజుల్లో కూలి ముఠాలకి పెద్ద అండాలో అన్నం వండేది. చర్చి బడిలో ఎనిమిది దాకా చదివాడు. ఒక ఫాదరు గారు రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని పంతొమ్మిది వందల యాభై ఒకటిలో ఈ కాలేజీకి వచ్చాడు. మొదటి రెండేళ్లూ బల్లలు తుడవటమే పని. ఆ తర్వాత, తెగిన తీగలు అతికించటం, తుప్పు పట్టిన స్క్రూలు విప్పటం, పగిలిన అద్దం మార్చటం ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాడు. పదేళ్లు గడిచేసరికి లాబ్‌లో ఏ సాధనానికి ఏం రోగమో అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు. అయినా "ఒరేయ్ ఏసుపాదం" అన్న పిలుపు మాత్రం మారలేదు.

అతను పిల్లలకి చెప్పే పాఠం ఒక్కటే. లాబ్‌లో గాల్వనోమీటరని ఒక సాధనం ఉంది. దాని లోపల చిన్న అద్దం వేలాడుతుంటుంది. దీపం వెలుగు ఆ అద్దం మీద పడి, ఎదురుగా ఉన్న స్కేలు మీద చుక్కగా వాలుతుంది. ఆ చుక్కని స్పాటు అంటారు. తీగలో కరెంటు రవ్వంత మారినా స్పాటు పక్కకి జరిగి, కాసేపు అటూ ఇటూ ఊగి, ఆ తర్వాత నిలబడుతుంది. "నిలబడే దాకా పుస్తకం ముట్టుకోమాకండి. ఊగే స్పాటు అబద్ధం చెప్పుద్ది. నిలబడ్డ స్పాటే నిజం చెప్పుద్ది." ఇరవై రెండు బాచీల పిల్లలు ఈ మాట విని నవ్వుకుని వెళ్లిపోయారు. ఏసుపాదం మాత్రం ఆ మాట మీదే బతికాడు. ఆ లాబ్‌లో ఒక్క దొంగ అంకె కూడా రాయని చెయ్యి తనదేనని అతని గర్వం. అతనికున్న ఆస్తి కూడా అదే.

ఆ డిపార్టుమెంటుకి హెడ్డు హనుమయ్య గారు. ఆయన నూనెల చిక్కదనం మీద పరిశోధన చేసి డాక్టరయ్యారు. నూనె కొలిచే గాజు గొట్టం పంతొమ్మిది వందల అరవై ఒకటి వేసవిలో, ఏసుపాదం కళ్ల ముందే, నేలమీద పడి పగిలింది, కొత్తది మళ్లీ రాలేదు. హనుమయ్య గారి థీసిస్‌లో అరవై రెండు డిసెంబరు దాకా రీడింగులున్నాయి. ఆ థీసిస్ బంగారు రంగు అక్షరాలతో అద్దాల బీరువాలో ఉండేది. దుమ్ము దులపాల్సింది ఏసుపాదమే. దులిపినప్పుడల్లా అతనికి ఒంటిమీద కంపరం పుట్టేది.

డెబ్బై మూడు జూన్‌లో రాజ్యలక్ష్మి లెక్చరరుగా వచ్చింది. అంతకుముందు ఏడాదంతా ప్రత్యేక రాష్ట్రం ఉద్యమంతో కాలేజీ సగం రోజులు మూతపడి, లాబ్ పావురాల పాలై ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, గన్నవరం నుంచి రోజూ బస్సులో వచ్చేది. లోపలికొస్తూనే, "ఏసుపాదం గారూ, ఈ పావురాలని ముందు బయటికి పంపుదామండీ" అంది. ఏసుపాదం ఆ గారు ఎవరా అని వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు. ఆ రోజు నుంచీ ఆమె కోసం ప్రాణమైనా పెట్టేవాడే.

ఆమె యూనివర్సిటీలో పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకుంది. ఉద్యమం రోజుల్లో ఒక ఏడు దండగైపోయింది. డెబ్బై నాలుగు జూన్ లోపల థీసిస్ ఇవ్వాలి. ఇవ్వకపోతే, హెడ్డు సంతకంతో గడువు పెంచమని అడగాలి. అదీ కుదరకపోతే మొత్తం పోయినట్టే.

ఆమె పరిశోధనంతా ఒక అద్దాల పెట్టెలో ఉంది. మూరెడు ఎత్తు పెట్టె, నిండా నీళ్లు. అడుగున రాగి పలక, దాని కింద హీటరు. పైన తగరపు పళ్లెం, అందులోంచి కొళాయి నీళ్లు పారుతుంటాయి. కింద వేడి, పైన చల్లన, మధ్యలో నీళ్ల గోల. వేడి పెంచేకొద్దీ ఆ గోల ఎలా మారుతుందో చూడాలి. నీళ్ల మధ్యలోకి సన్నటి తీగల ముడి ఒకటి దించి, రెండో ముడిని పై పళ్లెంలో ఉంచి, ఆ తీగల్ని గాల్వనోమీటరుకి కలిపారు. రెండు చోట్లా వేడి ఒకటే అయితే తీగల్లో కరెంటు పుట్టదు, స్పాటు సున్నా మీద ఉంటుంది. తేడా పెరిగేకొద్దీ పక్కకి జరుగుతుంది.

"ఇది ఎసరు గోలే గదండీ" అన్నాడు ఏసుపాదం.

"అచ్చంగా ఎసరు గోలేనండీ" అని ఆమె వెండి రంగు పొడి చిటికెడు నీళ్లలో వేసింది. నీళ్లలో దారాలు దారాలుగా వేడి పైకి లేవటం, చల్లదనం కిందికి జారటం కనిపించింది. ఏ దారం ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. కానీ కళ్లు కాస్త అలవాటు పడ్డాక, ఆ గోలలోనే మొత్తం నీళ్లు ఒక పక్కగా పైకెక్కి రెండో పక్కగా దిగుతూ పెద్ద చక్రంలా తిరుగుతున్నాయని తెలిసింది. ఏసుపాదానికి తల్లి అండా గుర్తొచ్చింది. "దిగే పక్కన పొయ్యరా బియ్యం, అదే తీసుకెళ్లుద్ది లోపలికి" అనేది తెరేసమ్మ.

మధ్యాహ్నాలు రాజ్యలక్ష్మికి క్లాసులు. అందుకని రెండు నుంచి ఐదు దాకా రీడింగులు తీసే పని ఏసుపాదానికి అప్పజెప్పింది. ఐదు నిమిషాలకొకటి. నోటుబుక్కు మొదటి పేజీలో తన చేత్తోనే రాసింది: "గడియారం చూసి, ఆ క్షణాన స్పాటు ఎక్కడుంటే అక్కడ."

స్పాటు మాత్రం నిలబడలేదు.

ఏసుపాదం మొదటి రోజు అరగంట చూశాడు. చుక్క కుడికి పోతుంది, ఎడమకి వస్తుంది, మళ్లీ కుడికి. ఆగదు. గాల్వనోమీటరు విప్పి తుడిచాడు. ముడులు కొత్తగా అతికాడు. రోడ్డు మీద లారీల అదురేమోనని బల్ల కాళ్ల కింద గోనెపట్టాలు పెట్టాడు. కరెంటు ఊగుతోందేమోనని ఓల్టుమీటరు మీద ఒక కన్నేసి చూశాడు. ఓల్టుమీటరు ముల్లు కదలదు, స్పాటు మాత్రం ఊగుతూనే ఉంటుంది. "ఛీ, దరిద్రపు స్పాటు" అని తిట్టుకున్నాడు. లోపం తన గాల్వనోమీటరుదేనని నమ్మాడు. ఇరవై రెండేళ్లు తన చేతిలో ఉన్న సాధనం, గారు అని పిలిచే ఒకే ఒక్క మనిషి ముందు ఇలా పరువు తీస్తోందని సిగ్గుతో చచ్చాడు. ఆమెకి చెప్పలేదు. ఊగి ఊగి నిలబడితే ఎక్కడ నిలబడుతుందో అతనికి తెలుసు, ఈ కొసకీ ఆ కొసకీ సరిగ్గా మధ్యన. ఆ మధ్య అంకె రాశాడు. ఐదు నిమిషాల తర్వాతా మధ్య అంకే రాశాడు. అది దొంగతనమని అతనికి తోచను కూడా లేదు. నిలబడ్డ స్పాటే కదా నిజం.

రెండు రీడింగుల మధ్య ఐదు నిమిషాలు ఖాళీ. చొక్కా జేబులోంచి అమలమ్మ ఇచ్చిన జపమాల తీసి, స్పాటుని చూస్తూ, పూసకొకటి చొప్పున దేవుడి తల్లికి మంగళవార్త జపం చెప్పుకునేవాడు. వారం తిరక్కుండానే ఒకటి గమనించాడు. పది పూసలు దాటేసరికి స్పాటు రెండుసార్లు పోయి రెండుసార్లు వస్తుంది. ఏ రోజైనా అంతే. వేడి పెంచితే పది పూసలకి మూడు ఊపులు. ఇంకా పెంచితే నాలుగుకి రవ్వ తక్కువ. ధ్యాస దేవుడి మీద లేదని తనమీద తనకే విసుగొచ్చింది. ఆదివారం గుళ్లో పాపసంకీర్తనంలో, జపం చేసేటప్పుడు చూపు చెదురుతోందని ఫాదరు గారికి చెప్పుకున్నాడు కూడా. ఏం చూసి చెదురుతోందో మాత్రం ఫాదరు అడగలేదు, ఇతను చెప్పలేదు.

ఎనిమిది నెలల్లో ఆరు నోటుబుక్కులు నిండాయి. ముత్యాల్లాంటి అంకెలు, ఒక్క కొట్టివేత లేదు. రాజ్యలక్ష్మి సాయంత్రాలు, హీటరు ఆపేశాక, ఆ పేజీలు తిరగేస్తూ, "ఏసుపాదం గారూ, మీరు లేకపోతే నేనేమైపోదునండీ" అనేది. గ్రాఫు గీస్తే చుక్కలన్నీ ఒకే గీత మీద బుద్ధిగా కూర్చునేవి. అతనికి ఆ పూట ఆకలి బాగా వేసేది.

ఫిబ్రవరిలో యూనివర్సిటీ నుంచి ఆమె ప్రొఫెసరు గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, నవ్వని మనిషి. పెసరట్టు వద్దన్నారు. నోటుబుక్కులు అడిగారు. మొదటిది పది పేజీలు, మూడోది ఐదు పేజీలు చూసి, మిగతావి తెరవకుండానే పక్కకి నెట్టారు.

"ఇవి ఎక్కడ కూర్చుని రాశావమ్మా?"

రాజ్యలక్ష్మికి అర్థం కాలేదు. "ఇక్కడేనండీ. లాబ్‌లోనే."

"నీళ్లు ఇంత మర్యాదగా ఉండవు" అని ఆయన లేచి లాబ్‌లోకి నడిచారు. హీటరు పొద్దుటి నుంచీ వెలుగుతూనే ఉంది. ఆయన స్టూలు లాక్కుని, చేతి గడియారం విప్పి ముందు పెట్టుకుని, స్పాటుని చూస్తూ పది నిమిషాలు కూర్చున్నారు.

"అరవై తొమ్మిది సెకన్లు. మళ్లీ మళ్లీ అరవై తొమ్మిదే, ఒకటీ అరా తేడాతో" అన్నారు చివరికి. "కింద అంత గందరగోళంలో ఇంత క్రమంగా ఊగుతోంది. నీ ఆరు పుస్తకాల్లో ఈ ఊపు ఎక్కడ? చెల్లాచెదురు అంకెలు తెచ్చి ఉంటే సంతోషించేవాణ్ణి. ఇదేమిటి? నువ్వు చూడనైనా చూడలేదు, లేకపోతే వండావు."

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. హనుమయ్య గారు డిపార్టుమెంటు పరువు కాపాడటానికి ముందుకొచ్చి, "మా బెజవాడ కరెంటు సంగతి మీకు తెలియదండీ. ఓల్టేజీ ఊగుతుంటే ఇదీ ఊగుతుంది. మా అమ్మాయి దాన్ని తీసేసి రాసి ఉంటుంది" అని నవ్వారు.

ఏసుపాదం టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వండావు అన్న మాట చెవిలో పడింది. ఆ మాట మీద ఇరవై రెండేళ్లుగా ఉమ్మేస్తున్నాడు. ఇప్పుడది తన ముత్యాల అంకెల మీదే వచ్చి పడింది. అటెండర్ని ఎవరూ అడగరు. టీ ఇచ్చి వెళ్లిపోతే ఎవరికీ తెలియదు. పళ్లెం బల్ల మీద పెట్టాడు.

"ఆ అంకెలు అమ్మగారు రాసినయ్యి కాదండీ. నేను రాసినయ్యి. స్పాటు నిలబడట్లేదని నేనే మధ్యకి రాశానండీ. కరెంటు తప్పు గాదండీ. ఓల్టుమీటరు కదల్లేదు, నేను చూశాను."

రాజ్యలక్ష్మి అతనికేసి చూసింది. "ఎక్కడుంటే అక్కడ అని రాసిచ్చాను కదండీ" అంది, మెల్లగా.

"రాసిచ్చారండీ."

"అంటే ఇది ఊగుతోందని నీకు తెలుసా?" అన్నారు ప్రొఫెసరు.

"మొదటి రోజు నుంచీ తెలుసండీ."

"ఎంతసేపటికి ఒక ఊపు?"

"పది పూసలకి రెండు ఊపులండీ."

హనుమయ్య గారు పకపకా నవ్వారు. ప్రొఫెసరు నవ్వలేదు. ఏసుపాదం జపమాల తీసి చూపించి, జపం సంగతి, వేడి పెంచితే మూడు ఊపులు, ఇంకా పెంచితే నాలుగుకి రవ్వ తక్కువ అన్న సంగతి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. ప్రొఫెసరు తనే వేడి పెంచారు. నీళ్లు కుదుటపడటానికి గంటన్నర పట్టింది. తర్వాత, "చెప్పు" అన్నారు. ఏసుపాదం పైకి వినపడేట్టు జపం మొదలుపెట్టాడు. పెద్ద మనుషుల ముందు, హీటరు పక్కన నిలబడి, దేవుడి తల్లిని కొలతకర్రలా వాడుతున్నందుకు అతనికి నాలుక మొద్దుబారింది. పదో పూస దగ్గర ప్రొఫెసరు చెయ్యెత్తారు. మూడు ఊపులు. మళ్లీ చెప్పించారు. మళ్లీ మూడే.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీళ్లలో ఆ పెద్ద చక్రమే ఊగుతోంది. గాల్వనోమీటరు లోపం కాదు. ఇలాంటి ఊపుల గురించి బయటి దేశాల్లో ఇంకా వాదించుకుంటున్నారు. ఎనిమిది నెలలు దీన్ని కళ్లారా చూసినవాడు ఇతనొక్కడే" అన్నారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "చూసినవాడూ ఇతనే, చెరిపినవాడూ ఇతనే" అన్నారు.

వెళ్లేముందు రాజ్యలక్ష్మితో, "జపమాల థీసిస్‌లోకి ఎక్కదమ్మా. గడియారం పెట్టి, ఐదు సెకన్లకొకసారి మళ్లీ తియ్యండి. ఏడాది పనుంటుంది. గడువు పెంచమని అడుగు, మీ హెడ్డు సంతకం పెడితే నేనూ పెడతాను" అన్నారు. రిక్షా ఎక్కి స్టేషనుకి వెళ్లిపోయారు.

హనుమయ్య గారు ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. కేకలేస్తారనుకున్నాడు ఏసుపాదం. ఆయన మొహం పెళ్లింట్లోలా వెలిగిపోతోంది.

"ఓరి నీ అసాధ్యం కూలా! ఇంత పనోడివని నాకు తెలీదురా. ఏడాదెందుకు? ఊపు ఎంతో నీకు కంఠతా వచ్చు. మధ్య అంకెలు పుస్తకాల్లో ఉండనే ఉన్నాయి. కొత్త నోటుబుక్కులు తీసుకుని ఆ అంకెలకి కాసేపు కలుపు, కాసేపు తీసెయ్. అక్కడక్కడా ఒకటి తప్పు పోనీ, చూడ్డానికి సహజంగా ఉంటుంది. పదిహేను రోజుల పని. జూన్‌కల్లా థీసిస్ చేతిలో ఉంటుంది. ఉన్న ఊపే కదరా రాసేది, అబద్ధమేముంది?" ఆమె వైపు తిరిగి, "గడువు కాగితం మీద మాత్రం నేను సంతకం పెట్టనమ్మాయ్. మేనేజ్‌మెంటుకి నేనేం జవాబు చెప్పుకోను?" అన్నారు. లేచొచ్చి ఏసుపాదం భుజం తట్టారు.

ఇరవై రెండేళ్లలో ఆయన చెయ్యి ఏసుపాదం మీద పడటం అదే మొదలు. నీళ్ల గ్లాసు కూడా బల్ల మీద పెట్టించుకుని తీసుకునే మనిషి. ఈ దొంగపనికి మాత్రం అంటూ ముట్టూ అడ్డం రాలేదు. భుజమ్మీద బల్లి పడ్డట్టయింది అతనికి. ఇంటికెళ్లి చొక్కా విప్పి, ఉతికిందే మళ్లీ ఉతికాడు. అమలమ్మ అన్నం పెడితే, కంచం ముందు నుంచి లేచిపోయాడు.

హనుమయ్య గారి మీద రోత పాతదే, దానికి అలవాటు పడ్డాడు. ఇప్పటి రోత వేరు. ఊగని లోలకానికి ఊపులు రాసిన పిల్లల్ని చీదరించుకున్నాడు కదా ఇన్నేళ్లూ. ఊగేదాన్ని ఊగలేదని రాసిన తను వాళ్లకంటే ఏం గొప్ప? వాళ్లకి కనీసం తాము వండుతున్నామని తెలుసు. తనకి అదీ తెలియలేదు. ఇదిగో ఈ చెయ్యే కదా అని ఆ కుడిచేతిని చూసుకున్నాడు. ఛీ అనిపించింది.

మర్నాడు పొద్దున రాజ్యలక్ష్మి అతనికంటే ముందే లాబ్‌లో ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం నుంచీ హీటరు వెయ్యలేదు, పెట్టెలో నీళ్లు చల్లబడి కదలకుండా ఉన్నాయి. ఆమె బల్ల మీద కొత్త నోటుబుక్కు, పక్కన పెన్ను, పక్కన ఆరు పాత పుస్తకాలు సర్ది పెట్టింది.

"ఏసుపాదం గారూ" అంది, అతని మొహం చూడకుండా. "హనుమయ్య గారు చెప్పినట్టు... మీరు రాయగలరా?"

ఆమె నోట ఆ గారు ఏనాడూ చేదనిపించలేదు, ఈ రోజు చేదుగా ఉంది. అంతలోనే, ఈమెనింతదాకా తెచ్చింది ఎవరని మనసు నిలదీసింది.

"రాయగలనండీ" అన్నాడు. "ఎవరూ పట్టుకోలేరు కూడా."

అది నిజమే. ఆ ఊపు అతని వేళ్లలో ఉంది. ప్రొఫెసరు గారు కూడా పట్టుకోలేరు.

"అయితే రాయండి" అంది ఆమె.

ఏసుపాదం స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. పాత పుస్తకాలు తెరవలేదు. గాల్వనోమీటరు దీపం వేశాడు. స్కేలు మీద స్పాటు వాలింది. టైంపీసుకి కీ ఇచ్చి ఎదురుగా పెట్టుకున్నాడు. కొత్త పేజీ మీద తేదీ వేశాడు. స్పాటుని చూశాడు, గడియారం చూశాడు, మొదటి అంకె రాశాడు. ఐదు సెకన్ల తర్వాత మళ్లీ చూసి రెండోది రాశాడు. ఐదు సెకన్లకి మూడోది. తొందర పడలేదు. చూడకుండా ఒక్కటి కూడా రాయలేదు.

రాజ్యలక్ష్మి కిటికీ వైపు తిరిగి నిలబడింది. చాలాసేపటికి వెనక్కి వచ్చి అతని భుజం మీదుగా పేజీలోకి చూసింది.

సున్నా. సున్నా. సున్నా. పై నుంచి కింద దాకా, పక్క వరసలోనూ సున్నాలే.

"ఏం రాస్తున్నారండీ?"

"స్పాటు ఎక్కడుంటే అక్కడ అన్నారు గదండీ" అన్నాడు, తల తిప్పకుండా. "హీటరు వెయ్యలేదు. సున్నా మీదే ఉంది." గడియారం చూసుకుని ఇంకో సున్నా రాశాడు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో అతను చూడలేదు, చూస్తే రీడింగు తప్పిపోతుంది. పేజీ తిప్పాడు. రెండో పేజీ సగం అయ్యేసరికి వెనకాల అడుగుల చప్పుడు, తర్వాత గోడ మీద స్విచ్చి టప్పుమన్న చప్పుడు వినిపించింది.

"ఊపు మొదలవటానికి గంటన్నర పట్టిద్దండీ" అన్నాడు.

"పట్టనివ్వండి. సంతకం సంగతి నేను చూసుకుంటాను. పెట్టకపోతే పెట్టకపోనీ, జూన్ పోతే పోనీ" అని ఆమె ఇంకో స్టూలు లాక్కుని, పెన్ను తను తీసుకుంది. "మీరు చెప్పండి, నేను రాస్తాను."

జపమాల జేబులోనే ఉండిపోయింది. పన్నెండు కొట్టేవేళకి స్పాటు లేచి తిరగటం మొదలుపెట్టింది. ముప్పై ఒకటి, ముప్పై నాలుగు, ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిదిన్నర, ముప్పై ఐదు, అని అతను చెబుతుంటే ఆమె పరిగెత్తించి రాసింది. ఒక చోట తడబడి కొట్టేసింది, ఇంకో చోట సిరా అలికింది. పేజీ నిండేసరికి చూడటానికి అసహ్యంగా తయారైంది. అడుగున, రీడింగు తీసినవారు అన్నచోట, ఎప్పుడూ తన పేరే రాసుకునే ఆమె ఈసారి పుస్తకం అతని వైపు తిప్పి పెన్ను ఇచ్చింది. ఏసుపాదం ఒక్కో అక్షరం నింపాదిగా పేరు రాశాడు. తర్వాత చెయ్యి కడుక్కుని, వరండాలో గోడవారగా కూర్చుని, అమలమ్మ కట్టిచ్చిన డబ్బా తీశాడు. మార్చి నెల ఇంకో పదిరోజుల్లో ఉంది. డబ్బాలో మెతుకు మిగల్చకుండా తిన్నాడు.